ముందు బల్ల మీద తువ్వాలు

పడవలోకి నీళ్ళు వస్తున్న సంగతి అందరికంటే ముందు పంతులమ్మ చెప్పుకి తెలిసింది. అవతలి ఒడ్డున బడిలో పాఠాలు చెప్పే ఆవిడ రోజూ వెనక బల్ల మీద ఓ మూలకి ఒదిగి, చెప్పులు విడిచి, కాళ్ళు పైకి మడుచుకుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటుంది. ఆ ఉదయం రేవు చేరాక చూసుకుంటే ఒక చెప్పు లేదు. అందరూ వంగి వెతికారు. అడుగు చెక్కల సందుల్లోంచి పైకొచ్చిన నీళ్ళలో అది నింపాదిగా తేలుతోంది.

"పడవక్కా, నీ పడవలో ఇంకో పడవ తిరుగుతోంది చూడు" అంది పంతులమ్మ.

అందరూ నవ్వారు. చక్రం దగ్గర నిలబడ్డ పడవక్క కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు పెదవులు దాటలేదు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆమెకీ ఒకటుంది. ఏటికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఉన్నవాళ్ళకి మాత్రం ఆమె పడవక్కే. ముందు పడవ నాన్నది. నడుం దగ్గర పెద్ద చెక్కపెట్టె, ఆ పెట్టె కింద ఇంజను. చిన్నప్పుడు చలికాలం పొద్దుటిపూట ఆ పెట్టె మీద కూర్చుంటే కింద నుంచి వెచ్చగా ఉండేది. బడిలో చదివిన ఎక్కాలన్నీ ఆమెకి ఇంజను కొట్టుకునే తాళంలోనే నోటికి వచ్చాయి. ఇప్పటికీ ఏడో ఎక్కం ఆ తాళం లేకుండా చెప్పలేదు.

నాన్న భారీ మనిషి. ఆయన కాలు పెడితే పడవ ఒక్కసారి 'హమ్మా' అన్నట్టు ముందుకి వంగి, మళ్ళీ సర్దుకునేది. మోకాళ్ళు మొరాయించాక చక్రం కూతురి చేతికి ఇచ్చి, తను ముందు బల్లకి మారాడు. అక్కడ కూర్చుని నీళ్ళ రంగు చూసి ఇసుక మేటలు ఎక్కడున్నాయో చెప్పేవాడు. "కుడికమ్మా... ఇంకాస్త... చాలు చాలు, పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు పోనీ." ఏళ్ళ తరబడి ఆ మాటలు విని విని, ఆయన నోరు తెరవకముందే ఆమె చెయ్యి తిరిగేది. అయినా ఆయన చెప్పడం మానలేదు, ఆమె వినడమూ మానలేదు.

పోయిన వానాకాలం జ్వరం వచ్చి నాన్న పోయాడు. ఆయన తువ్వాలు మడతపెట్టి ముందు బల్ల మీద ఉంచింది పడవక్క. అంతే, ఆ బల్ల మీద మరెవ్వరూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఆమె ఎవరితోనూ అనలేదు. ఎక్కినవాళ్ళు తువ్వాలు చూసి, తలొంచుకుని వెనక్కి వెళ్ళి సర్దుకుని కూర్చునేవారు. కూరగాయల గంపలు కూడా వెనక్కే వెళ్ళేవి. ఎంత ఇరుకైనా ఒక్కరూ సణగలేదు.

చెప్పు తేలిన సంగతి సాయంత్రానికల్లా బజారంతా తిరిగి దర్జీ కొట్టుకి చేరింది. ఆ దర్జీ పడవక్కకి సొంత అన్నయ్య. తండ్రి పోలికే, తండ్రి బరువే. కానీ నీళ్ళంటే చిన్నప్పటి నుంచీ కళ్ళు తిరుగుతాయి. కొట్టు కట్టేసి, వదినని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఇవాళ చెప్పు తేలింది. రేపు మనిషి తేలితే?" అన్నాడు గుమ్మంలోనే.

"ఎక్కడో చిల్లు ఉందన్నయ్యా. వెతుకుతాను."

"ఎన్నాళ్ళు వెతుకుతావు? రంపపు మిల్లాయన ఆ ఇంజను ఇచ్చెయ్యమని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. ఆదివారం వస్తాను. నీళ్ళు ఆగితే సరే సరి. ఆగకపోతే ఇంజను ఊడదీయిస్తా. జనం ప్రాణాలతో ఆటలు వద్దు." ఆ మాట అంటున్నప్పుడు అతను చెల్లెలి మొహం చూడలేదు. చొక్కా బొత్తాన్ని సరిచేసుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

"దిగులెందుకు మరదలా, మన కొట్టుకొచ్చి కాజాలు కుడుదువుగాని. చక్రం తిప్పిన చేతికి సూది తిప్పడం ఎంతసేపు?" అంది వదిన.

"నేను కుట్టిన కాజాలో బొత్తాం కాదు వదినా, నీ తలకాయ దూరుతుంది."

వదిన పకపకా నవ్వింది. వెనక వసారాలో బట్టలు మడతపెడుతున్న అమ్మ మాత్రం నవ్వలేదు. అమ్మ రోజూ తొలి పడవ కదిలేటప్పుడు రేవులో నిలబడి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది కనుమరుగయ్యేదాకా చూస్తుంది. నాన్న ఉన్నప్పటి అలవాటు అది.

"మీ నాన్న పోయాక ఆ పడవకి పొగరెక్కిందే. ఆయన ఉండగా తలొంచుకుని బుద్ధిగా పోయేది. ఇప్పుడు తలెగరేసుకుని పోతోంది. పొగరుబోతు దానికి ఏదో ఒకటి కాక ఏమవుతుంది?" అంది అమ్మ.

ముసలావిడ మాటలకేం గానీ అన్నట్టు అందరూ లేచారు.

మర్నాడు పడవక్క నట్టు మామని పిలిచింది. ఆయన ఇంజన్ల మేస్త్రి. జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్పానరు ఉంటుంది. ఏ రోగానికైనా ఆయన దగ్గర ఒకటే మందు, నట్టు బిగించడం. అందుకే ఆ పేరు. పడవ కడుపులోకి దూరి, టార్చిలైటు వేసి, వెనక్కి పాకి, "దొరికింది దొంగ!" అని కేక పెట్టాడు.

ఇంజను నుంచి వెనక నీళ్ళని తోసే ఫ్యాను దాకా వెళ్ళే ఇనుప ఇరుసు పడవ గోడని దాటే చోట ఒక ఇత్తడి గొట్టం ఉంటుంది. దాని లోపల కొవ్వు పట్టించిన తాడు చుట్టి, రెండు నట్లతో బిగిస్తారు. నాన్న దాన్ని 'గొంతు' అనేవాడు. ఆ గొంతులోంచి ఒక్కో బొట్టు కారుతోంది.

"అది కారాలి మామా. గొంతు తడారిపోతే ఎవరికైనా మంటే కదా అనేవాడు నాన్న."

"మీ నాన్న సంగీతం చెప్పాడో, మెకానిజం చెప్పాడో! కారే చోటు కళ్ళముందు పెట్టుకుని ఊరంతా వెతుకుతావా?" అని మామ రెండు నట్లూ శక్తికొద్దీ బిగించాడు. బొట్టు ఆగిపోయింది. ఆయన మీసం తడుముకున్నాడు.

మధ్యాహ్నం పడవ ఏటి నడుమకి వెళ్ళేసరికి మాడు వాసన వచ్చింది. పడవక్క ఇంజను ఆపి, చెక్క ఎత్తి చూస్తే, ఇత్తడి గొట్టం పెనంలా కాలుతోంది. జనం గుసగుసలాడుతుండగా నట్లు కాస్త వదులు చేసి, బొట్టు మళ్ళీ మొదలయ్యేదాకా కూర్చుని, చల్లారాక బయల్దేరింది. ఇంతా చేసి అవతలి ఒడ్డు చేరాక చూస్తే నీళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి.

"నేను బిగించిన నట్టు విప్పినవాళ్ళు ఈ రేవులో లేరు" అన్నాడు మామ ఉక్రోషంగా.

"నేనున్నాగా మామా."

ఆ తర్వాత ఇద్దరూ పోట్లాట మాని పనిలోకి దిగారు. పడవని పొడిగా తుడిచి రాత్రంతా రేవులో కట్టి ఉంచారు. తెల్లారి చూస్తే చుక్క లేదు. ఇద్దరే ఎక్కి ఏటి నడుమ దాకా వెళ్ళి వచ్చారు. చుక్క లేదు. జనాన్ని ఎక్కించుకుని వెళ్ళొస్తే మాత్రం బకెట్టు మీద బకెట్టు తోడాల్సి వచ్చింది.

"ఇది మనుషుల్ని చూస్తే ఏడుస్తోందే!" అన్నాడు మామ తల గోక్కుంటూ.

అప్పుడు గుర్తొచ్చింది పడవక్కకి పౌడరు. చిన్నప్పుడు మొదటిసారి ఇలా ఎక్కడో నీళ్ళు వచ్చినప్పుడు, పౌడరు చల్లితే నీళ్ళు నడిచిన దారి గీతలా కనపడుతుందని నాన్న, అమ్మ తన మొహానికి రాసుకునే పౌడరు డబ్బా జేబులో దాచి తెచ్చాడు. తన మనిషి ఆ ఇరుకులో పట్టడు కనుక, కూతురి రెండు చీలమండలు పట్టుకుని తలకిందులుగా పడవ కడుపులోకి దించాడు. ఆమె చేతిలో డబ్బా. డీజిలు వాసన, పౌడరు వాసన కలిసిపోయి ఒక కొత్త వాసన పుట్టింది. పైకి తీసేసరికి ఆమె కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. "మా అమ్మాయి సినిమాలో వేషం కట్టింది!" అని నాన్న ఒడ్డంతా వినపడేలా నవ్వాడు. ఎక్కడైనా ఆ పౌడరు వాసన తగిలితే ఇప్పటికీ ఆమెకి చీలమండల దగ్గర ఆ పెద్ద అరచేతుల వెచ్చదనం తెలుస్తుంది.

ఇంటికెళ్ళి అలమారులో వెతుకుతుంటే వెనక నుంచి అమ్మ అడిగింది. "పౌడరేనా?"

"నీకెలా తెలుసు?"

"ఇన్నేళ్ళూ నాకు తెలీదనుకున్నారా తండ్రీ కూతుళ్ళు? నేనెప్పుడూ రెండు డబ్బాలే కొనేదాన్ని. ఒకటి నాకు, ఒకటి పడవకి." అమ్మ బట్టల అడుగు నుంచి మూత తియ్యని డబ్బా తీసి ఇచ్చింది. "ఇది ఆయన పోకముందు కొన్నది. వాడెయ్యి."

పడవక్క మూత తీసి, ఒక్కసారి వాసన చూసి, రేవుకి బయల్దేరింది.

మొదటిసారి పడవ అడుగంతా చల్లింది. జనంతో ఒక తడవ వెళ్ళొచ్చి చెక్కలెత్తితే వెనకవైపంతా తెల్లటి బురద. ఏ దారీ తెలియలేదు. మామ బురద వంకా, గొంతు వంకా మార్చి మార్చి చూసి, నోరు తెరవబోయి మూసుకున్నాడు. అప్పుడు నాన్న అన్న ఇంకో మాట గుర్తుకొచ్చింది. "నీళ్ళు అడుగుకి కాపరానికి వస్తాయమ్మా. పుట్టిల్లు వేరే ఉంటుంది. గోడలు చూడు."

రెండోసారి గోడలకి రాసింది. పక్క గోడలకి, వెనక చెక్కకి, తాళ్ళ పెట్టె వెనక మూలకి కూడా గోడకి సున్నం వేసినట్టు వేళ్ళతో పట్టించింది. ఈసారి దొరికింది. తెల్లటి వెనక చెక్క మీద పైనుంచి కిందికి ఏడ్చిన చెంప మీద చారలా ఒక సన్నటి గీత. దాన్ని పట్టుకుని పైకి వెళితే, ఇంజను పొగగొట్టం ఆ చెక్కని దాటి బయటికి పోయే రంధ్రం. గొట్టం చుట్టూ నింపిన తాడూ మైనమూ ఏళ్ళ తరబడి వేడికి మాడి, వేలు పెడితే పొడిగా రాలాయి.

కానీ బయటికి వెళ్ళి చూస్తే ఆ గొట్టం నీళ్ళకి నాలుగు వేళ్ళ ఎత్తున ఉంది.

"నీళ్ళు నిచ్చెన వేసుకుని ఎక్కాయంటావా?" అన్నాడు మామ.

"మూసేద్దాం మామా, పోయేదేముంది?"

"మూద్దాం. కానీ అసలు దారి ఇది కాకపోతే? మీ అన్నయ్య కళ్ళముందు మళ్ళీ నీళ్ళొస్తే ఇంజను మిల్లుకే. కారణం తెలియకుండా మూస్తే అది రోగం దాచడమే తప్ప తగ్గించడం కాదు." నట్టు మామ నోట ఇలాంటి మాట రావడం అదే మొదటిసారి. ఆయన స్పానరు జేబులో పెట్టేసుకున్నాడు.

శనివారం సాయంత్రం ఆఖరి తడవకి జనం ఎక్కుతున్నారు. పడవక్క చక్రం దగ్గర నిలబడింది గానీ మనసు అక్కడ లేదు. ఇంకొక్క పొద్దు గడిస్తే, ఈ పెట్టె కింద ఇంజను ఉండదు. ఖాళీ పెట్టె మీద కూర్చుంటే వెచ్చగా ఉండదు. కొట్టులో కూర్చుని, ఎవరివో చొక్కాలకి కాజాలు కుడుతూ, కిటికీలోంచి బజారు చూస్తూ బతకాలి. ఎక్కాలు గుర్తుంటాయా అప్పుడు?

ఆదివారం దిగులుతో కాబోలు, ఆఖరి తడవకి కూడా అమ్మ రేవుకొచ్చి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "చూడు, మళ్ళీ తలెగరేస్తోంది" అంది ఎవరితోనో.

ఆ మాట ఈసారి పడవక్క చెవిలో పడి అక్కడే ఆగింది. ఇన్నేళ్ళలో ఆమె తన పడవ రేవు వదలడం ఒక్కసారి కూడా చూడలేదు. ఎప్పుడూ అందులోనే ఉంటే ఎలా చూస్తుంది? 

"మామా, ఈ తడవ నువ్వు పట్టు చక్రం" అని ఒడ్డుకి దూకింది.

"నేనా! మేటలు..."

"నెమ్మదిగా పోనీ. పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు."

వచ్చి అమ్మ పక్కన నిలబడింది. పడవ కదిలింది. నిజంగానే తలెత్తుకుని పోతోంది. ముందు భాగం నీళ్ళలోంచి లేచి, ఎప్పుడూ తడిగా ఉండే చెక్క ఎండలో పొడిగా మెరుస్తోంది. జనమంతా, గంపలన్నీ వెనక. తోక కిందికి కుంగింది. పొగగొట్టం ఎక్కడని వెతికితే కనపడలేదు. అది ఉండాల్సిన చోట నీళ్ళు బుడబుడలాడుతూ నల్లటి బుడగలు లేస్తున్నాయి. నాన్న పోయిన దగ్గర్నుంచి ఇంజను చప్పుడు ఏదోలా మారిందనీ, పడవ కూడా ఏడుస్తోందనీ అనుకుందామె. అది ఏడుపు కాదు. గొట్టమూ, దాని చుట్టూ ఉన్న చిల్లూ నీళ్ళలో మునుగుతున్నాయి.

ముందు బల్ల మీద తువ్వాలు ఒక్కటే ఉంది. దాని బరువెంత?

"ఆయన అక్కడ కూర్చోబట్టే..." అంది పడవక్క. 

ఆ చిల్లు ఈనాటిది కాదు. నాన్న ఉన్నప్పుడే మొదలై, నీళ్ళలో మునగడం వల్ల ఈ మధ్య పెద్దదైంది. ఆయన ముందు కూర్చుని తన బరువుతో తోకని పైకెత్తి ఉంచాడు. ఆయనకి తెలియదు, ఎవరికీ తెలియదు. ఆయన పోయాక, ఆయన మీద గౌరవంతో ఆ చోటు ఖాళీగా ఉంచి, వీళ్ళందరూ కలిసి ఆయన పడవని ముంచుతున్నారు.

అమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేసి, చూపు మాత్రం పడవ మీదే ఉంచింది.

ఆదివారం అన్నయ్య వచ్చాడు. పక్కన వదిన, వెనక అమ్మ. పడవక్క అప్పటికే వెనక చెక్కకి మళ్ళీ పౌడరు పట్టించి, చిల్లు మాత్రం మూయకుండా అలాగే ఉంచింది.

"నీళ్ళు ఆగాయా?" అన్నాడు అన్నయ్య.

"నువ్వు ఎక్కితే ఆగుతాయి."

"వేళాకోళమా?"

"కాదన్నయ్యా. నాన్న కూర్చున్న చోట కూర్చో. మామూలుగా ఎక్కే జనం ఎక్కుతారు. అవతలికి వెళ్దాం. వెనక చెక్క తడిస్తే ఇంజను నా చేతులతో నేనే ఊడదీసి ఇస్తాను."

"నాకు కళ్ళు తిరుగుతాయని తెలుసుగా!"

"మీరు ఎక్కండి. ఏటిలో పడితే మీ కొలతలకి తగ్గ వల నేను కుట్టిస్తాను" అంది వదిన. రేవంతా గొల్లుమంది.

పడవక్క ముందు బల్ల దగ్గరికి వెళ్ళింది. తువ్వాలు తియ్యడానికి వంగింది. తీసేసరికి దాని కింద చెక్క చుట్టుపక్కల కంటే నున్నగా, ముదురు రంగులో, ఒక మనిషి కూర్చున్న మేర మెరుస్తూ కనిపించింది. తువ్వాలు ఎక్కడ పెట్టాలో తోచక అన్నయ్య భుజం మీద వేసింది.

అన్నయ్య కళ్ళు గట్టిగా మూసుకుని కాలు పెట్టాడు. పడవ 'హమ్మా' అన్నట్టు ముందుకి వంగి, మళ్ళీ సర్దుకుంది.  ఆదివారం బడి లేకపోయినా చూడ్డానికి పుస్తకాలతో సహా వచ్చిన పంతులమ్మ, వెనక మూల నుంచి తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది.

ఇంజను అందుకుంది. రేవు దాటారు. బుడబుడ లేదు. డుగు డుగు డుగు డుగు. ఆ పాత తాళమే. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు అని లోపల్లోపలే మొదలుపెట్టింది పడవక్క. కళ్ళు చెమర్చినా, ఎదురుగాలి కదా, ఎవరూ పట్టించుకోలేదు.

ఏటి నడుమ అన్నయ్య ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. నీళ్ళు ఒకచోట గోధుమరంగులోకి తిరిగి, చిన్న చిన్న ముడతలు పడుతున్నాయి.

"ఒసే ఒసే! అక్కడేదో ఉంది... కుడికి! కుడికి తిప్పవే!"

అక్కడ మేట ఉందని పడవక్కకి ఎప్పుడో తెలుసు. చక్రం అప్పటికే సగం తిరిగింది. అయినా అతను అన్నాకే మిగతా సగం తిప్పింది.

"చాలా అన్నయ్యా?"

"ఇంకాస్త... ఆఁ, చాలు చాలు."

అవతలి ఒడ్డున మామ టార్చి వేసి, తాళ్ళ పెట్టె జరిపి, "రండి రండి, వచ్చి చూడండి" అని పిలిచాడు. వెనక చెక్క మీద పౌడరు రాసిన వేళ్ళ గుర్తులు ఎక్కడివక్కడే ఉన్నాయి. గీత లేదు. చుక్క లేదు. అన్నయ్య వంగి, వేలితో తాకి, ఆ వేలు వాసన చూసుకున్నాడు. తర్వాత ఇంకోసారి చూసుకున్నాడు. 

"అమ్మ పౌడరే కదే ఇది?" అన్నాడు చివరికి.

"అమ్మదే."

"నాన్న నిన్ను తలకిందులుగా దించుతుంటే నేను ఒడ్డున నిలబడి ఏడ్చాను. నిన్ను ఏట్లో పారేస్తున్నాడనుకుని." అతను ముక్కు తుడుచుకోవడానికి చేతికందిన గుడ్డ తీసుకున్నాడు. అది భుజం మీది తువ్వాలని తర్వాత తెలిసింది.

మామ కొత్త తాడూ మైనమూ కూరి, రేకు పట్టీ వేసి, తనివితీరా నట్లు బిగించాడు. ఇక్కడ ఎంత బిగించినా ఎవరూ అడ్డు చెప్పలేదు.

"చిల్లు మూశారుగా. ఇక నేను కూర్చోనక్కర్లేదుగా?" అన్నాడు అన్నయ్య.

"చిల్లు మూసినా పడవ తలకి బరువు ఉండాలి. రేపట్నుంచి ముందు బల్ల మీద కూడా జనం కూర్చుంటారు. పంతులమ్మగారూ, మీరు పుస్తకాల మూటతో సహా ముందుకి రండి."

"చెప్పులు పోవుగా అక్కడ?" అంది పంతులమ్మ.

"ఇవాళ్టికి మాత్రం నేనున్నానుగా. వెళ్ళేటప్పుడు కూర్చున్నవాణ్ణి వచ్చేటప్పుడు నిలబెడతారా?" అని అన్నయ్య ఎవరూ పిలవకుండానే వెళ్ళి ముందు బల్ల మీద కూర్చున్నాడు. రంపపు మిల్లు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

తిరిగి వచ్చేసరికి రేవులో అమ్మ అలాగే కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పడవ తలొంచుకుని మెల్లగా వస్తోంది. ముందు బల్ల మీద భారీ మనిషి, భుజాన తువ్వాలు, చెయ్యెత్తి ఎటో చూపిస్తున్నాడు. అమ్మ చెయ్యి కిందికి జారింది. ఒక అడుగు ముందుకి వేసి, ఆగి, పడవ దగ్గరపడ్డాక కొడుకుని పోల్చుకుంది.

తాడు కట్టి పడవక్క ఒడ్డుకి దిగింది. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ డబ్బాలో ఇంకా ఏమైనా మిగిలిందా, అంతా దానికే పూశావా?"

"కాస్త ఉంది."

"ఉండనీ, పడవలోనే ఉంచు" అంది అమ్మ. "రేపు బజారుకి వెళ్ళినప్పుడు రెండు తీసుకురా."